వాసన బాగుండి, చలికి తట్టుకునే హనీసకిల్ పెంచుకోవడం ఎలా

హనీసకిల్ పెట్టుకున్నవాళ్లు రెండు మూడేళ్ల తర్వాత ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఒకటే. తీగ బాగా అల్లుకుంది, పూలు కూడా వచ్చాయి, కానీ వాసనే లేదు. పాపం మొక్క తప్పేమీ లేదు. హనీసకిల్ పేరుతో అమ్మేవాటిలో అసలు వాసనే రాని రకాలు చాలా ఉన్నాయి, పైగా ఎర్రగా, నారింజ రంగులో కళ్లు చెదిరేలా ఉండేవి అవే కాబట్టి కొనేటప్పుడు చెయ్యి ముందు వాటిమీదకే పోతుంది. అందుకే ఈ తీగ విషయంలో కళ్లను కాస్త పక్కన పెట్టి ముక్కును నమ్ముకోమంటాను. ఏ రకం తేవాలి, ఎక్కడ నాటాలి, ఎప్పుడు కత్తిరించాలి అనే మూడు ప్రశ్నలకూ వాసన కోసం పెంచుతున్నాం అన్న సంగతి గుర్తుంచుకునే జవాబు వెతుక్కుంటే మిగతా పెంపకం పెద్ద కష్టం కాదు, నిజానికి ఇది చాలా మొండి మొక్క.

ఏ రకం తెచ్చుకోవాలి

హనీసకిల్ శాస్త్రీయ నామం లోనిసెరా. 16వ శతాబ్దపు జర్మన్ వృక్ష శాస్త్రవేత్త ఆడమ్ లోనిసెర్ పేరు మీద పెట్టారు. ఇందులో 150కి పైగా జాతులున్నాయి, కొన్ని తీగలు, కొన్ని పొదలు. వాటన్నిటి జోలికి పోనక్కర్లేదు, తోటల్లో మనకు పనికొచ్చేవి కొన్నే.

చలి, వాసన రెండూ ఒకేసారి కావాలంటే మొదట చూడాల్సింది లోనిసెరా పెరిక్లైమెనమ్. యూరప్‌లో అడవుల అంచుల్లో, కంచెల్లో దానంతటదే పెరిగే తీగ ఇది. వేరు బాగా నిలదొక్కుకున్నాక మైనస్ 15, మైనస్ 20 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుంది. చలికాలంలో ఆకులు రాల్చేసి ఎండుకట్టెల్లా కనిపిస్తుంది కాబట్టి మొదటి ఏడాది చచ్చిపోయిందనుకుని పీకేయకండి. గోటితో కాండం మీద కొంచెం గీకితే లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు. ఇందులో ‘బెల్జికా’ అనే రకం ముందు పూస్తుంది, ‘సెరోటినా’ ఆలస్యంగా మొదలుపెట్టి ఎక్కువ కాలం పూస్తుంది, దీని పూలు బయటివైపు ముదురు ఊదా ఎరుపు, లోపల మీగడ రంగు. చోటుంటే రెండూ కలిపి పెట్టుకోండి, ఒకటి తగ్గేసరికి రెండోది అందుకుంటుంది. నన్నడిగితే మాత్రం ఒక్కటే పెట్టుకునేవాళ్లు ‘గ్రహామ్ థామస్’ పెట్టుకోవాలి. తెల్లగా విచ్చుకుని పసుపులోకి తిరిగే పూలు, చాలా వారాలపాటు వస్తూనే ఉంటాయి, వాసన గట్టిగా ఉంటుంది. 1960లో ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్‌లో ఒక కంచెలో పెరుగుతున్న తీగను గ్రహామ్ స్టువర్ట్ థామస్ అనే ఉద్యాన నిపుణుడు గమనించి తెచ్చిన రకం ఇది. అంటే ఎవరి సాయం లేకుండా కంచెలో బతికిన మొక్క వారసత్వం, అందుకే కాబోలు అంత గట్టిది.

రెండోది లోనిసెరా జపోనికా, అందులోనూ ‘హాలియానా’ రకం. వాసన అద్భుతం, వేడిని పెరిక్లైమెనమ్ కంటే బాగా ఓర్చుకుంటుంది, చలి మరీ ఎక్కువ కాని చోట్ల ఏడాదంతా ఆకులు ఉంటాయి. ఇన్ని మంచి గుణాలున్నా ఇది తెచ్చుకునే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, ఎందుకంటే చాలా దేశాల్లో ఇది తోట దాటి అడవుల్లోకి పాకి, అక్కడి చెట్లను కప్పేసి చంపేస్తోంది. 19వ శతాబ్దం మొదట్లో అమెరికాకు తెచ్చి పెంచుకున్నారు, ఇప్పుడు అక్కడి ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో పెద్ద తలనొప్పి. న్యూజిలాండ్‌లో దీన్ని అమ్మడం, అంట్లు కట్టి పెంచడం నిషేధం. మీరున్నచోట దీని మీద ఆంక్షలేమైనా ఉన్నాయేమో కనుక్కోండి. ఆంక్షలు లేకపోయినా మీ తోట పక్కనే అడవో, వాగు గట్టో ఉంటే దీన్ని పెట్టకపోవడమే మంచిది. పక్షులు పండ్లు తిని విత్తనాలు ఎక్కడెక్కడో వేస్తాయి, ఆ తర్వాత వెనక్కి తేవడం మన వల్ల కాదు.

లోనిసెరా కాప్రిఫోలియమ్ కూడా మంచి వాసన ఉన్న తీగే, కొమ్మ చివర జత ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయి మధ్యలోంచి పూలగుత్తి వస్తుంది, గుర్తుపట్టడం తేలిక. ‘గోల్డ్ ఫ్లేమ్’ అని అమ్మే హెక్రోటీ రకం గులాబీ పసుపు కలిసిన అందమైన పూలు ఇస్తుంది, వాసన ఉంది గానీ పై వాటంత కాదు.

ఇక వాసన లేనివి. లోనిసెరా సెంపర్‌వైరెన్స్, అంటే పొడవాటి బూరల్లాంటి ఎర్ర పూల తీగ, అమెరికా ఆగ్నేయ ప్రాంతానిది. హమ్మింగ్‌బర్డ్‌లకు ప్రాణం, మన ముక్కుకు మాత్రం సున్నా. దాని సంకరమే ‘డ్రాప్‌మోర్ స్కార్లెట్’, కెనడాలోని మానిటోబాలో తయారైంది, చలికి తట్టుకోవడంలో తీగ హనీసకిల్స్‌లో దీన్ని మించినవి తక్కువ. మీ దగ్గర చలి మరీ ఘోరంగా ఉండి పెరిక్లైమెనమ్ నిలవకపోతే ఇది రంగు కోసం పెట్టుకోవచ్చు, వాసన మీద ఆశ మాత్రం పెట్టుకోకండి. పక్షులను రప్పించే పూలకు వాసనతో అవసరం లేదు, రంగు చాలు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే కొనేటప్పుడే సగం తేలిపోతుంది: ముదురు ఎరుపు, గొట్టంలా సన్నగా ఉంటే అనుమానించండి, తెలుపు, మీగడ, లేత పసుపు అయితే ఆశ ఉంది.

చలి అనేదే లేని చోట ఉన్నవాళ్లకు వేరే మాట. పెరిక్లైమెనమ్ అక్కడ ఆకులేసుకుని కూర్చుంటుంది, ఎండలకు నీరసపడుతుంది. జపోనికా ఆంక్షలు లేనిచోట అది నయం, లేదంటే బర్మా, ఈశాన్య భారతం, థాయ్‌లాండ్ వైపు పుట్టిన హిల్డెబ్రాండియానా ఉంది, పువ్వే 15 సెంటీమీటర్ల దాకా పొడవు, మంచి వాసన. కానీ అది రాక్షస తీగ, పెద్ద చెట్టునే ఎక్కేస్తుంది, చిన్న పందిరికి కట్టేసే మొక్క కాదు, మంచు కురిస్తే పోతుంది. ఇంకో చిక్కు, రాధామనోహరాన్ని కూడా కొందరు చైనీస్ హనీసకిల్ అని అమ్ముతారు. సాయంత్రం తెల్లగా పూసి తర్వాత గులాబీ, ఎరుపు రంగులోకి మారే ఆ తీగ మనందరికీ తెలిసిందే. మంచి మొక్కే, వేడి ప్రదేశాల్లో బ్రహ్మాండంగా పెరుగుతుంది, కానీ హనీసకిల్‌తో దానికి చుట్టరికమే లేదు, చలికి అసలు ఆగదు.

తీగ వద్దు, పొద చాలు అనుకుంటే లోనిసెరా ఫ్రాగ్రాంటిసిమా, లేదా దాని సంకరం పర్పూసీ ‘వింటర్ బ్యూటీ’ చూడండి. చలికాలం చివర, ఆకులింకా రాకముందే బోడి కొమ్మల మీద చిన్న చిన్న మీగడ రంగు పూలు పూస్తాయి. చూడ్డానికి ఏమీ ఉండవు, వాసన మాత్రం నడిచేవాళ్లను ఆపేస్తుంది. ఫ్రాగ్రాంటిసిమా కూడా అమెరికాలో కొన్నిచోట్ల అడవిలోకి పాకిన మొక్కే, అది కూడా చూసుకుని తెచ్చుకోండి.

కొనేటప్పుడు లేబుల్ మీద బొమ్మ కాదు, జాతి పేరు, రకం పేరు చదవండి. ఉత్తినే హనీసకిల్ అని రాసుంటే వదిలేయండి. పూలున్న మొక్క దొరికితే వాసన చూసి కొనడం ఉత్తమం, కానీ మధ్యాహ్నం ఎండలో చూసి వాసన లేదని తేల్చేయకండి, ఎందుకో కింద చెప్తాను.

వాసన ఎప్పుడొస్తుంది, అందుకని ఎక్కడ నాటాలి

వాసనున్న హనీసకిల్ పూలు ఎక్కువగా సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుకుంటాయి. వాటి అసలు అతిథులు హాక్ మాత్‌లు, అంటే రాత్రిపూట ఎగురుతూ పొడవాటి తొండంతో గొట్టంలాంటి పువ్వు అడుగునున్న తేనె పీల్చే రెక్కల పురుగులు. చీకట్లో రంగు పెద్దగా కనబడదు కాబట్టి వాటిని రప్పించేది వాసనే, అందుకే సాయంత్రం నుంచి రాత్రి దాకా వాసన గుప్పుమంటుంది, పగలు తగ్గిపోతుంది. కొత్తగా విచ్చిన పువ్వు తెల్లగా ఉండి, ఒకటి రెండు రోజుల్లో పసుపులోకి తిరుగుతుంది. ఒకే గుత్తిలో తెలుపు, పసుపు రెండూ కనబడేది అందుకే. వాసన కావాలంటే తెల్లగా ఉన్నదాని దగ్గర ముక్కు పెట్టండి.

దీన్నిబట్టి చోటు ఎంచుకోండి. సాయంత్రాలు మీరు ఎక్కడ కూర్చుంటారో, రాత్రి ఏ కిటికీ తెరిచి పడుకుంటారో దాని దగ్గర నాటాలి. తోట చివర వెనక కంచెకు పెడితే చూడ్డానికి బాగుంటుంది గానీ వాసన పొరుగువాళ్లకే. ఎదురుగాలి బలంగా కొట్టే మూల కూడా వద్దు, వాసన నిలవదు. నేరుగా తలుపు మీదికి పందిరి వేస్తే బాగానే ఉంటుంది, అయితే తేనెటీగలు, తుమ్మెదలు పగలు వస్తూనే ఉంటాయి, ఇంట్లో వాటి కుట్టు పడనివాళ్లుంటే రెండు మూడు అడుగులు పక్కకు జరపండి.

వెలుతురు సంగతికొస్తే, ఈ తీగ అడవి అంచుల మొక్క అని గుర్తుంచుకోవాలి. వేరు నీడలో, చల్లటి తేమ నేలలో ఉండాలి, తల వెలుతురులోకి వెళ్లాలి. ఉదయం ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు దాదాపు ఎక్కడైనా సరిపోతుంది. చల్లటి ప్రాంతమైతే రోజంతా ఎండ ఉన్నా పర్లేదు, వేర్ల దగ్గర మాత్రం చిన్న మొక్కలో, నాలుగు రాళ్లో పెట్టి నీడ ఇవ్వండి. పూర్తి నీడలో కూడా బతుకుతుంది, కాకపోతే పూలు చాలా తగ్గిపోతాయి. అన్నిటికంటే చెడ్డది ఎండకు కాలిపోయే గోడ, దాని కింద ఎండిపోయిన మట్టి. ఈ మొక్కకు వచ్చే జబ్బుల్లో సగం అక్కడే మొదలవుతాయి.

పాకడానికి ఏం పెట్టాలి

మొక్క తేకముందే ఆధారం సిద్ధం చేసుకోండి, నాటాక గోడకు మేకులు కొట్టాలంటే తీగ తొక్కుకుంటూ కొట్టాలి. హనీసకిల్‌కు నులితీగలు ఉండవు, గోడకు అతుక్కునే వేర్లూ ఉండవు. కాండమే దేనికైనా మెలితిరుగుతూ ఎక్కుతుంది. కాబట్టి నున్నటి గోడ మీదో, లావుపాటి స్తంభం మీదో వదిలేస్తే కిందికి జారిపడి కుప్పవుతుంది. గోడకైతే అడ్డంగా 30 నుంచి 45 సెంటీమీటర్లకొక ఇనుప తీగ బిగించి, గోడకూ తీగకూ మధ్య ఐదు సెంటీమీటర్ల ఖాళీ వదలండి. కాండం చుట్టుకోవడానికీ, వెనక గాలి ఆడడానికీ ఆ ఖాళీ కావాలి. లావు స్తంభమైతే దాని చుట్టూ జాలీ చుట్టండి. ఎదిగిన తీగ బరువు మామూలుది కాదు, పెరిక్లైమెనమ్ నాలుగు నుంచి ఏడు మీటర్లు పోతుంది, వాన తడిసి గాలి తోడైతే సన్నటి ప్లాస్టిక్ జాలీలు విరిగి పడతాయి. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు.

మీ చేత్తో చుట్టేటప్పుడు అది సహజంగా ఎటు తిరుగుతోందో చూసి అటే చుట్టండి. ఎదురు తిప్పి కట్టినా నాలుగు రోజుల్లో విడిపించుకుని తన దారినే పోతుంది. చిన్న చెట్ల మీదికి మాత్రం పాకనివ్వకండి, కాండం లావెక్కేకొద్దీ చెట్టు మొదలును ఉరి బిగించినట్టు బిగించేస్తుంది. వాననీటి గొట్టాలకూ అంతే, వాటి వైపు చిగురు కనబడితే వెంటనే మళ్లించండి.

నాటడం

నేల గడ్డకట్టకుండా, మండే ఎండ లేకుండా ఉన్న రోజులు ఏవైనా సరే. చలికాలం మరీ తీవ్రం కాని చోట ఆకు రాలే కాలంలో నాటితే వేరు నెమ్మదిగా దిగి చిగుళ్ల కాలానికి సిద్ధంగా ఉంటుంది. చలి ఘోరంగా ఉండే చోట చలి తగ్గాకే నాటండి, లేత వేరుతో మొదటి శీతాకాలం ఎదుర్కోమనడం అన్యాయం. ముదిరిన మొక్క మైనస్ 20 తట్టుకుంటుందంటే నిన్న నాటింది కూడా తట్టుకుంటుందని కాదు.

గోడ పక్కనైతే మొదట్లోకి కాకుండా 30 నుంచి 45 సెంటీమీటర్లు ఇవతలికి గుంత తీయండి. గోడ మొదట్లో వాన సరిగ్గా పడదు, మట్టి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. గుంత వెడల్పు కుండీకి రెండింతలు, లోతు కుండీ అంత ఉంటే చాలు. తీసిన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువో, ఆకు ఎరువో, కంపోస్టో కలపండి. బంకమట్టి అయినా, ఇసుక నేల అయినా సరే, తేమ నిలవాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. గుంతలో ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి, కొన్ని గంటలైనా ఇంకకుండా నిలబడితే అక్కడ ఎత్తు మడి కట్టుకోండి లేదా వేరే చోటు చూసుకోండి. మట్టి పులుపు, క్షారం గురించి టెన్షన్ పడక్కర్లేదు, రెండు వైపులా బాగానే సర్దుకుంటుంది.

నాటే ముందు కుండీతో సహా నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు ముంచి ఉంచండి. వేర్లు కుండీలో గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వేళ్లతో కొంచెం విప్పండి. కుండీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున పెట్టి, ఆధారం వైపు కొంచెం వాల్చి, మట్టి నింపి కాలితో నెమ్మదిగా అదిమి, పాదు చేసి నిండా నీళ్లు పోయండి. తర్వాత ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో, చెక్క పొట్టో పరవండి, కాండాన్ని మాత్రం తాకనివ్వకండి, తాకితే మొదలు కుళ్లుతుంది.

ఇప్పుడు చాలామంది చెయ్యడానికి ఇష్టపడని పని ఒకటుంది. కొత్త మొక్కకు ఒకటి రెండు పొడవాటి తీగలే ఉంటే వాటిని సగానికి కత్తిరించండి. మనసొప్పదు, తెలుసు. కత్తిరించకపోతే అవే ఒంటి తాడుల్లా పైకిపోయి పైన గొడుగులా విప్పుకుంటాయి, కింద బోడిగా మిగులుతుంది, పూలన్నీ తల మీద ఎక్కడో పూస్తాయి. కత్తిరిస్తే మొదట్లోంచి నాలుగైదు కొమ్మలొస్తాయి, వాటిని విసనకర్రలా పరిచి కట్టుకుంటే ముక్కుకు అందే ఎత్తులోనే పూలుంటాయి.

మొదటి రెండేళ్లు

మొదటి ఎండాకాలం వారానికోసారి లోతుగా తడపండి, మరీ ఎండగా ఉంటే రెండుసార్లు. రోజూ కాసిని చిలకరిస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. రెండో ఏడాది నుంచి వానలు సరిగ్గా పడేచోట పెద్దగా పొయ్యక్కర్లేదు, బెట్ట పడినప్పుడు మాత్రం మర్చిపోకండి.

ఎరువు విషయంలో చెయ్యి వెనక్కి లాక్కోండి. చిగుళ్ల కాలంలో ఒకసారి మొదట్లో కంపోస్టు వేసి ఊరుకుంటే చాలు. యూరియాలాంటి నత్రజని ఎరువులు దంచితే ఆకులు విపరీతంగా వచ్చి, పూలు తగ్గి, ఆ లేత చిగుళ్లకు పేనుబంక పండగ చేసుకుంటుంది. పచ్చిక బయలుకు వేసే ఎరువు పక్కనే ఉన్న హనీసకిల్ వేర్లకు చేరడం కూడా ఇలాంటిదే, ఇది చాలామందికి తట్టదు.

రెండు మూడేళ్ల దాకా పూలు తక్కువగానే ఉంటాయి, అసలు రాకపోయినా బెంగక్కర్లేదు. ఈ మొక్క ముందు కాళ్లు నిలదొక్కుకుని తర్వాత పూస్తుంది.

కత్తిరింపు

పూలు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. ఎప్పుడు కత్తిరించాలో మీ రకం ఏ కొమ్మ మీద పూస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. పెరిక్లైమెనమ్, కాప్రిఫోలియమ్ లాంటివి కిందటేడు పెరిగిన కొమ్మల నుంచి పూస్తాయి. వీటిని చలికాలం చివర మిగతా మొక్కల్లాగే నున్నగా గొరిగేస్తే ఆ ఏడాది పూయాల్సిన కొమ్మలన్నీ చెత్తబుట్టలోకి పోయినట్టే. కాబట్టి వీటిని పూత అయిపోగానే కత్తిరించాలి, పూసిన కొమ్మలను మూడో వంతు తగ్గిస్తే చాలు, అక్కడి నుంచి వచ్చే కొత్త కొమ్మలకు వచ్చే ఏడాది లోపు ముదరడానికి టైమ్ దొరుకుతుంది. జపోనికా అలా కాదు, ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మల మీదే పూస్తుంది కాబట్టి చిగుళ్లు రాకముందే కత్తిరించుకోవచ్చు, అదుపులో ఉంచాలంటే గట్టిగానే కత్తిరించాలి. ఏ రకమో తెలియని పాత తీగ ఉంటే ఒక ఏడాది ఊరికే వదిలేసి, పూలు పాత కొమ్మ మీద వస్తున్నాయా కొత్త కొమ్మ మీద వస్తున్నాయా చూసుకుని అప్పుడు కత్తెర పట్టుకోండి.

ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోక పైన పిచ్చుక గూడులా చిక్కుపడి, కింద ఎండు కాండాలు తప్ప ఏమీ లేని తీగలు కనిపిస్తుంటాయి. వీటిని చిక్కు తీద్దామని కూర్చోకండి, ఏది ఎండుదో ఏది పచ్చిదో తేలదు. చలికాలం చివర నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో మొత్తం కోసేయండి. కోసే ముందు పక్షి గూళ్లున్నాయేమో చూడండి, దట్టమైన హనీసకిల్‌లో గూడు కట్టడం పక్షులకు బాగా ఇష్టం. కోశాక కంపోస్టు వేసి తడిపితే మోడు నుంచి బోలెడు చిగుళ్లొస్తాయి. వాటిలో బలమైనవి ఐదారు ఉంచుకుని మిగతావి తీసేయండి. ఆ ఏడాది పూలు ఉండకపోవచ్చు, తర్వాత ఉంటాయి. ఇంత దెబ్బ మొక్క భరించలేదేమో అని భయమైతే మూడేళ్లలో మూడో వంతు చొప్పున ముదురు కాండాలు తీసేయడం ఇంకో దారి.

తెగుళ్లు

మొండి మొక్కే గానీ రెండు ఇబ్బందులు తప్పవు. మొదటిది పేనుబంక. చిగురాకులు ముడుచుకుపోయి, మొగ్గలు వంకరపోయి, ఆకుల మీద జిగురుగా ఉంటే అదే. కొద్దిగా ఉన్నప్పుడే ఆ చిగుర్లు తుంచేయండి, లేదా గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయండి, అప్పటికీ పోకపోతే సబ్బు ద్రావణమో వేపనూనో సాయంత్రం పూట ఆకుల అడుగున పడేలా కొట్టండి. పూత మీద ఉన్నప్పుడు రసాయన మందులు మాత్రం కొట్టకండి. ఆ వాసనకు వచ్చే తేనెటీగలు, మాత్‌లే ముందు చస్తాయి, పైగా పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా పోతాయి, ఆ తర్వాత పేనుబంక రెట్టింపై తిరిగొస్తుంది.

రెండోది బూడిద తెగులు, ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు ఉంటుంది. వేరు దగ్గర మట్టి ఎండిపోవడం, తీగ మధ్యలో గాలి ఆడకపోవడం ఈ రెండూ కలిస్తే ఇది వచ్చేస్తుంది. మందు కంటే ముందు మొదట్లో బాగా తడిపి, పైన ఎండుటాకులో చెక్క పొట్టో మందంగా పరిచి, లోపల కొన్ని కొమ్మలు తీసి గాలి వదలండి. చాలాసార్లు అంతే సరిపోతుంది.

పూలు రావట్లేదంటే పురుగు మందుల దగ్గరకు పరుగెత్తకండి. ముందు కత్తిరింపు టైమ్, తర్వాత నీడ, తర్వాత నత్రజని, ఈ మూడూ చూసుకోండి.

కుండీలో అయితే

పెంచవచ్చు, కానీ కుండీ కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉండాలి, దానికో గట్టి జాలీ ఉండాలి. నేలలోకంటే నీళ్లు ఎక్కువ కావాలి, ఎండాకాలంలో రోజూ చూసుకోవాలి. చలి ఎక్కువ ఉన్నచోట ఇంకో సంగతి ఉంది. నేలలో ఉన్న మొక్క చలికి తట్టుకుంటుంది గానీ కుండీలో మట్టి అన్నివైపుల నుంచీ గడ్డకట్టి వేర్లను చంపేస్తుంది. కాబట్టి తీవ్రమైన చలి రోజుల్లో కుండీకి గోనెసంచులు చుట్టి గోడవారకు జరపండి.

పండ్లు, పిల్లలు

పూత తర్వాత ఎర్రటి చిన్న పండ్లు వస్తాయి, కొన్ని రకాలకు నల్లగా వస్తాయి. చూడ్డానికి నోరూరేలా ఉంటాయి గానీ మనుషులు తినకూడదు, తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. పక్షులకు ఇబ్బంది లేదు. లోనిసెరా కెరూలియా అనే పొద నీలం పండ్లు మాత్రం తినొచ్చు, అది వేరే మొక్క, దాన్ని చూసి దీన్ని రుచి చూడకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో పూత అవ్వగానే కత్తిరిస్తే పండ్ల బెడద కూడా చాలావరకు పోతుంది.

ఇంకో మొక్క కావాలంటే

నేల అంటు అన్నిటికంటే తేలిక, దాదాపు తప్పదు. కింద వేలాడే లేత కొమ్మ ఒకటి తీసుకుని, దాన్ని నేలకు వంచి, ఒక కణుపు దగ్గర అడుగువైపు బెరడు కొంచెం గీరి, మట్టిలో రెండు మూడు అంగుళాల లోతున పెట్టి, పైకి లేవకుండా వంచిన ఇనుప తీగతో గుచ్చి, కొస బయటికి ఉంచి మట్టి కప్పండి. మీద ఒక రాయి పెడితే తేమా నిలుస్తుంది, ఎక్కడ పెట్టారో కూడా గుర్తుంటుంది. ఏడాదిలో వేరు పడుతుంది. కొస పట్టుకుని మెల్లగా లాగితే ఎదురు లాగినట్టుంటే తల్లి నుంచి కోసి, ఇంకో కొన్ని వారాలు అక్కడే ఉంచి, తర్వాత తవ్వి నాటుకోండి.

కొమ్మ ముక్కలతో కూడా వస్తుంది. ఎండాకాలం మధ్యలో, ఆ ఏడాది వచ్చిన కొమ్మ అడుగున కొంచెం గట్టిపడ్డాక నాలుగు అంగుళాల ముక్కలు కోసి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో, పైన పాలిథిన్ కవర్ కప్పి ఉంచండి. పూలున్న కొమ్మలు తీసుకోకండి, అవి వేరు పట్టడం కష్టం. పదింటిలో కొన్ని పోతాయి కాబట్టి ఒకటి కావాలంటే నాలుగైదు గుచ్చండి.

విత్తనాలతో మాత్రం నాకు పెద్ద ఆసక్తి లేదు. వాటికి మొలవాలంటే కొన్ని నెలలు చలి తగలాలి, అంటే బయట చలికాలంలో కుండీలో వదిలేయాలి లేదా తడి ఇసుకలో కలిపి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి. అంతా చేశాక మొలిచింది తల్లిలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ‘గ్రహామ్ థామస్’ విత్తనం వేస్తే వచ్చేది ‘గ్రహామ్ థామస్’ కాదు, దాని వాసన ఎలా ఉంటుందో అది పూసేదాకా తెలియదు. వాసన నచ్చిన తీగే మళ్లీ కావాలంటే అంటు తొక్కడమో, కొమ్మ ముక్క గుచ్చడమో చెయ్యండి.